రేసు కారు ఎగ్జాస్ట్ ఎటు వదలాలి: డిఫ్యూజర్‌లోకా, వెనక వింగ్ కిందికా, పక్కకా?

రుషికొండ_రేసర్
అందరికీ నమస్కారం. మా కాలేజీ ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులే చిన్న రేసు కారు తయారుచేసి దిగే పోటీ) టీమ్‌లో ఈసారి ఎగ్జాస్ట్ పని, వెనక ఏరో (గాలి ప్రవాహం) పని రెండూ నాకే ఇచ్చారు. ఇంజిన్ కేటీఎం 390 నుంచి తీసిన 373 సీసీ సింగిల్ సిలిండర్. రూల్ ప్రకారం గాలి లోపలికి వెళ్ళే దారిలో 20 మి.మీ. రెస్ట్రిక్టర్, అంటే గాలిని కట్టడి చేసే ఇరుకు దారి, ఉంటుంది. వెనక వింగ్ ఉంది, ఫ్లోర్ చివర చిన్న డిఫ్యూజర్ కూడా పెడుతున్నాం.

పైపు ఎటు తిప్పాలన్న దగ్గరే పని ఆగిపోయింది. రెడ్‌బుల్ చేసినట్టు డిఫ్యూజర్‌లోకి ఊదితే డౌన్‌ఫోర్స్ (గాలి కారుని నేలకి నొక్కే బలం) పెరుగుతుందని కొందరు, పైకి లేపి వింగ్ కింద వదిలితే మేలని ఇంకొందరు. మామూలుగా పక్కకి పెట్టేసి బరువు తగ్గించుకుందామన్నది మా ఫ్యాకల్టీ సార్ మాట. వచ్చే వారం ఛాసిస్ వెల్డింగ్ మొదలవుతుంది, ఆలోపు మౌంటింగులు తేలాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

గేర్‌బాక్స్_గాజువాక
నేనూ అదే టీమ్. డిఫ్యూజర్‌లోకి ఊదాలన్నది నా మాటే, ఎందుకో చెప్తాను. డిజైన్ ఈవెంట్‌కి 150 మార్కులు. అందరూ పెట్టే పక్క పైపే మనమూ పెడితే జడ్జి దగ్గర చెప్పడానికి ఏముంటుంది? బయటికి ఊరికే పోయే వేడి వాయువుతో పని చేయించుకుంటున్నాం అంటే అది ఇంజినీరింగ్. ఫార్ములా వన్‌లో ఛాంపియన్‌షిప్‌లు గెలిపించిన ఐడియా మన దగ్గర మాత్రం ఎందుకు పనికిరాదు?

పిట్‌వాల్_విశాఖ
మంచి చర్చ పెట్టారు. ముందు ఆ ఐడియా ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో చూస్తే మీ కారుకి సరిపోతుందో లేదో సగం తెలిసిపోతుంది.

1970ల చివర లోటస్ 78, 79 కార్లు గ్రౌండ్ ఎఫెక్ట్‌తో అందరినీ వెనక్కి నెట్టాయి. కారు అడుగు భాగాన్నే తిరగేసిన రెక్కలా మలిచి, పక్కల స్కర్టులతో మూసి, నేలకి కారుకి మధ్య గాలి పీడనం తగ్గించారు. మూలల్లో వేగం మరీ పెరిగిపోవడంతో 1983 నుంచి చక్రాల మధ్య ఫ్లోర్ చదునుగా ఉండాలని రూల్ వచ్చింది. అలా పోయిన డౌన్‌ఫోర్స్‌ని ఎలాగైనా తిరిగి రాబట్టాలని రెనో ఆ ఏడాదే ఆర్‌ఈ40 కారులో ఎగ్జాస్ట్‌ని వెనక డిఫ్యూజర్‌లోకి తిప్పింది. డిఫ్యూజర్ అంటే ఫ్లోర్ చివర పైకి లేచే వాలు. అక్కడ గాలికి చోటు పెరుగుతుంది, దాంతో దానికి ముందున్న సన్నని చోట గాలి వేగం పెరిగి పీడనం పడిపోతుంది. వేగంగా వచ్చే ఎగ్జాస్ట్ జెట్ ఆ గాలిని ఇంకాస్త లాగుతుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే డ్రైవర్ పాదం దగ్గర. మూలకి వచ్చి యాక్సిలరేటర్ వదలగానే ఎగ్జాస్ట్ ప్రవాహం తగ్గుతుంది, డౌన్‌ఫోర్స్ కూడా దానితోపాటే పడిపోతుంది. అంటే సరిగ్గా మూలలోకి తిరిగే క్షణంలోనే వెనక టైర్ల పట్టు సడలుతుంది. అందుకే ఆ తర్వాత చాలా కార్లు పైపుని డిఫ్యూజర్‌కి దూరంగా జరిపేశాయి. 1998లో ఫెరారీ ఎఫ్300 పైపుల్ని బాడీ పైకి తెచ్చింది, కొన్నేళ్ళలో మిగతా టీమ్‌లకీ అదే దారి అయింది.

2010లో ఏడ్రియన్ న్యూయీ డిజైన్ చేసిన రెడ్‌బుల్ ఆర్‌బీ6 పాత ఐడియాని మళ్ళీ కిందికి దించింది. ఆ ఏడాది బార్సిలోనా టెస్టింగ్‌లో మిగతావాళ్ళ కళ్ళుగప్పడానికి, పైపు మామూలుగా ఉండాల్సిన చోట పైపు నోరు బొమ్మ ఉన్న స్టిక్కర్ అంటించారు. అసలు పైపులు కిందున్నాయి. ఫోటోలు చూసినవాళ్ళు కొన్నాళ్ళు గమనించలేదు.

ఆర్గాన్_ఆటోనగర్
స్టిక్కర్ సంగతి ఇప్పుడే వింటున్నాను, బావుంది. అయినా బాబూ, నా మాట ఒకటి ముందు చెప్పేస్తాను. పైపు ఎటు తిప్పాలో తేల్చే ముందు పైపు ఎంత పొడవుండాలో తేల్చు. సింగిల్ సిలిండర్‌కి వాల్వు దగ్గర నుంచి మఫ్లర్ దాకా ఉన్న పొడవే బండి లాగుడుని మార్చేస్తుంది. డిఫ్యూజర్ దాకా తేవాలని పొడవు పెంచితే, ఏరోలో వచ్చిందేదో ఇంజిన్ దగ్గర పోతుంది.

సీఎఫ్‌డీ_మధురవాడ
ఆటోనగర్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. వాల్వు తెరుచుకున్నప్పుడు పుట్టే పీడన తరంగం పైపు చివరి దాకా వెళ్ళి తిరగబడి వెనక్కి వస్తుంది. 600 డిగ్రీల వేడి వాయువులో ఆ తరంగం సెకనుకి సుమారు 580 మీటర్లు పోతుంది. తిరిగొచ్చే తక్కువ పీడనం, రెండు వాల్వులూ కాసేపు తెరిచి ఉండే సమయానికి అందితే సిలిండర్‌లో మిగిలిన కాలిన వాయువుని లాగేస్తుంది. ఏ ఆర్‌పీఎం దగ్గర అది జరగాలన్నది పొడవే నిర్ణయిస్తుంది. మీకు రెస్ట్రిక్టర్ ఉంది కాబట్టి పై ఆర్‌పీఎంలో గాలి ఎలాగూ బిగిసిపోతుంది, మధ్య ఆర్‌పీఎం లాగుడే మీకు ముఖ్యం.

ఇక డిఫ్యూజర్ సంగతి. గాజువాక తమ్ముడు అడిగిన "మన దగ్గర ఎందుకు పనికిరాదు" అన్న ప్రశ్నకి లెక్కతోనే జవాబు చెప్పాలి.

373 సీసీ ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 75 సార్లు గాలి పీలుస్తుంది. నింపే సామర్థ్యం 90 శాతం అనుకున్నా సెకనుకి 30 గ్రాముల గాలి. 2010, 2011 ఫార్ములా వన్ ఇంజిన్ 2.4 లీటర్ల వీ8, పరిమితి 18,000 ఆర్‌పీఎం. అదే లెక్కన నూటికి నూరు నిండితే సెకనుకి 430 గ్రాములు. అంటే మీకన్నా 14 రెట్లు.

600 డిగ్రీల దగ్గర వాయువు సాంద్రత ఘనపు మీటరుకి 0.4 కిలోలే. మీ పైపు లోపలి వ్యాసం 38 మి.మీ. అనుకుంటే జెట్ సగటు వేగం సెకనుకి 65 మీటర్ల దగ్గర ఉంటుంది. దాని తోపు 2 న్యూటన్లు, అంటే 200 గ్రాముల బరువంత. మీ ముందు, వెనక వింగుల మొత్తం వైశాల్యం ఒక చదరపు మీటరు, లిఫ్ట్ కోఎఫిషియంట్ (వింగ్ ఎంత బలం పుట్టిస్తుందో చెప్పే అంకె) 3 అనుకుందాం. గంటకి 60 కి.మీ. దగ్గర వాటి డౌన్‌ఫోర్స్ 500 న్యూటన్లు, 50 కిలోల పైమాటే. జెట్ తోపుని దాని పక్కన పెట్టి చూడండి.

గేర్‌బాక్స్_గాజువాక
అక్కా, జెట్ తోపుని డౌన్‌ఫోర్స్‌తో పోల్చడం న్యాయం కాదు కదా. రెడ్‌బుల్‌లో కూడా జెట్ నేరుగా కారుని కిందికి నొక్కలేదు. డిఫ్యూజర్ పక్కల్ని సీల్ చేసింది. చిన్న జెట్టే అయినా సరైన చోట పడితే పెద్ద ప్రవాహాన్ని మార్చొచ్చు.

సీఎఫ్‌డీ_మధురవాడ
సరైన పాయింట్ పట్టావు, దీన్ని వివరంగా మాట్లాడుకోవాలి.

వెనక టైరు తిరుగుతూ నేలని తాకే చోట దాని కింద చిక్కిన గాలి పక్కకి చిమ్ముతుంది. దాన్ని టైర్ స్క్విర్ట్ అంటారు. ఆ చిందరవందర గాలి డిఫ్యూజర్ అంచులోంచి లోపలికి దూరి అక్కడి తక్కువ పీడనాన్ని పాడుచేస్తుంది. రెడ్‌బుల్ ఎగ్జాస్ట్‌ని సరిగ్గా టైరుకి, డిఫ్యూజర్ అంచుకి మధ్య సందులోకి వదిలింది. పాత స్కర్టు చేసిన పనిని వేడి వాయువు తెర చేసింది. అలా అంచు మూసుకుపోయింది కాబట్టే కారు వెనక భాగాన్ని బాగా ఎత్తి, మొత్తం ఫ్లోర్‌నే పెద్ద డిఫ్యూజర్‌లా వాడుకోగలిగారు. అసలు లాభం ఆ రేక్‌లో, అంటే ముందుకన్నా వెనక ఎత్తుగా ఉండటంలో ఉంది.

ఇప్పుడు మీ దగ్గర ఆ తెర ఎలా ఉంటుందో చూడు. వీ8 ఇంజిన్ 18,000 దగ్గర సెకనుకి 1,200 పల్స్‌లు వదులుతుంది, రెండు పైపులకి పంచితే ఒక్కోదానికి 600. అది దాదాపు ఆగకుండా వచ్చే ప్రవాహం. మీ సింగిల్ 9,000 దగ్గర 75 పల్స్‌లు వదులుతుంది, మధ్యలో ఖాళీ. స్లాలమ్‌లో (కోన్ల మధ్య మెలికలు తిరిగే చోట) డ్రైవర్ 5,000 దగ్గర ఉంటే 42 కూడా ఉండవు. తెర పడుతూ లేస్తూ ఉంటుంది. పైగా మీకు ఒకే పైపు, డిఫ్యూజర్‌కి అంచులు రెండు. రెండుగా చీలిస్తే సెకనుకి 15 గ్రాములు ఒక్కో పక్క.

ఇంకో మాట. గంటకి 250 కి.మీ. దగ్గర గాలి డైనమిక్ పీడనం (వేగం వల్ల వచ్చే ఒత్తిడి) 2,900 పాస్కల్, 60 దగ్గర 167. పదిహేడు రెట్ల తేడా. మీ డిఫ్యూజర్ నుంచి అసలు వచ్చేదే తక్కువ, దాన్ని కొంత శాతం పెంచినా చేతికి చిక్కేది మరీ తక్కువ. ఎఫ్‌ఎస్‌ఏఈ (ఇదే తరహా విద్యార్థుల పోటీ) రూల్ పుస్తకమే ఎండ్యూరెన్స్, అంటే ఎక్కువ దూరం పరుగు, సగటు వేగం గంటకి 48 నుంచి 57 కి.మీ. ఉండేలా ట్రాక్ వేస్తామని చెబుతుంది.

కారీ_సీనియర్
కోయంబత్తూరు కారీ ట్రాక్ మీద మా బ్యాచ్ కారు పరిగెత్తింది, ఆ అనుభవంతో చెప్తున్నా. డిజైన్ జడ్జీలు కొత్తదనం కోసం మార్కులు వేయరు. "ఎందుకు?" అని అడుగుతారు, దానికి డేటా చూపించాలి. "రెడ్‌బుల్ చేసింది" అంటే ఆ తర్వాతి ప్రశ్న "డ్రైవర్ థ్రాటిల్ వదిలితే మీ బ్యాలెన్స్ ఎంత జరుగుతుంది?" అని వస్తుంది. దానికి గ్రాఫ్ లేకపోతే అక్కడితో ఆగిపోతారు. మూడు దారులూ లెక్కేసి, రెండు ఎందుకు వదిలేశామో చూపించి, పక్క పైపు పెట్టిన టీమ్‌కి మంచి మార్కులు రావడం చూశాను.

రూల్స్ కూడా ఒకసారి తిరగేయండి. ఎఫ్‌ఎస్‌ఏఈలో పైపు నోరు వెనక ఇరుసు మధ్య గీత నుంచి 45 సెం.మీ. కన్నా వెనక్కి పోకూడదు, నేల నుంచి 60 సెం.మీ. కన్నా ఎత్తు ఉండకూడదు. డ్రైవర్‌కి ఏ వేగంలోనూ పొగ తగలకూడదు. వింగ్ కింద ఊదాలన్న ప్లాన్ ఆ 60 సెం.మీ. దగ్గరే చాలామందికి ఆగిపోతుంది. మీరు ఏ పోటీకి వెళ్తున్నారో దాని ఈ ఏడాది పుస్తకంలో అంకెలు సరిచూసుకోండి.

బీచ్‌రోడ్_బైకర్
నాకు ఏరో పెద్దగా తెలీదు గానీ ఒక డౌట్ ఉంది గురూ. మెక్‌లారెన్ 600ఎల్‌టీ, పోర్షే 918 స్పైడర్ రెండింటికీ సైలెన్సర్లు ఇంజిన్ మీద నుంచి పైకి ఉంటాయి కదా. అది కూడా డౌన్‌ఫోర్స్ కోసమేనా? ఇంకోటి, 2011 రేసుల వీడియోల్లో మూల దగ్గర బ్రేక్ వేసినప్పుడు కూడా ఇంజిన్ గుర్రుమంటూ ఉంటుంది. థ్రాటిల్ వదిలాక అంత శబ్దం ఎందుకు?

పిట్‌వాల్_విశాఖ
రెండూ మంచి ప్రశ్నలే. ముందు ఆ శబ్దం సంగతి, ఎందుకంటే ఈ చర్చ మొత్తానికి మూలం అక్కడుంది.

థ్రాటిల్ వదిలితే డౌన్‌ఫోర్స్ పోతుందన్న 1983 నాటి చిక్కుకి 2010, 2011లో ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌తో మందు కనిపెట్టారు. డ్రైవర్ పాదం ఎత్తినా ఇంజిన్ థ్రాటిల్ మాత్రం తెరిచే ఉంటుంది. ఇంధనం ఆపేసి గాలిని మాత్రమే పంపు చేస్తే అది కోల్డ్ బ్లోయింగ్. ఇంధనం వేసి, స్పార్క్ బాగా ఆలస్యం చేసి, కొంత ఇంధనం ఎగ్జాస్ట్‌లోనే మండేలా చేస్తే అది హాట్ బ్లోయింగ్. మీరు విన్న గుర్రు అదే. బలం చక్రాలకి వెళ్ళదు, జెట్ మాత్రం ఆగదు.

2011 బ్రిటిష్ గ్రాండ్ ప్రీ వారంలో రూల్స్ పెట్టే సంస్థ ఎఫ్‌ఐఏ దీన్ని అడ్డుకోబోయింది. పాదం ఎత్తినప్పుడు థ్రాటిల్ 10 శాతానికి మించి తెరవకూడదంది. అంతకన్నా తెరవడం ఇంజిన్ మన్నికకి అవసరమని ఒకరు, ఆ సడలింపు వాళ్ళకెందుకని ఇంకొకరు వాదించుకున్నారు. ఆ రేసు అలొన్సో ఫెరారీలో గెలిచాడు. తర్వాతి రేసుకే ఆ నిషేధం ఎత్తేశారు. అదే ఏడాది మన బుద్ధ్ సర్కిట్‌లో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ వెటెల్ రెడ్‌బుల్‌లో గెలిచాడు. ఇక్కడ రేసు జరిగిన మూడేళ్ళూ, 2011 నుంచి 2013 దాకా, గెలిచింది అతనే.

విజయాల కథలే అందరూ చెప్తారు గానీ, ఈ విద్యార్థులకి పనికొచ్చేవి ఎదురుదెబ్బలు. 2010 సిల్వర్‌స్టోన్‌లో మెక్‌లారెన్ శుక్రవారం ఊదే డిఫ్యూజర్ పెట్టి, ఫ్లోర్ వేడెక్కిపోవడంతో తీసేసింది. అంత డబ్బు, అంత మంది ఇంజినీర్లు ఉండి కూడా. 2011కి అదే టీమ్ చాలా క్లిష్టమైన ఎగ్జాస్ట్ ఒకటి తయారు చేసింది, టెస్టింగ్‌లో అది నిలవలేదు. మొదటి రేసు ముందు రెడ్‌బుల్ తరహా సింపుల్ పైపులకి మారి, ఆస్ట్రేలియాలో హామిల్టన్ రెండో స్థానం తెచ్చాడు. అదే ఏడాది రెనో ఆర్31 పైపుల్ని ముందుకి తిప్పి సైడ్‌పాడ్‌ల (డ్రైవర్‌కి రెండు పక్కలా ఉండే బాడీ భాగాలు) ముందు అంచు దగ్గర వదిలింది, అంటే మొత్తం ఫ్లోర్‌కే ఊదింది. పెట్రోవ్ ఆస్ట్రేలియాలో, హైడ్‌ఫెల్డ్ మలేషియాలో మూడో స్థానాలు సాధించారు. తర్వాత హంగేరీలో పిట్ స్టాప్ నుంచి బయటికొస్తూనే హైడ్‌ఫెల్డ్ కారు అంటుకుంది.

2012 నుంచి పైపు నోరు ఎక్కడుండాలో ఎఫ్‌ఐఏ గీత గీసింది. ఫ్లోర్‌కి దూరంగా పైన ఉండాలి, 75 మి.మీ. గుండ్రని పైపు, 10 నుంచి 30 డిగ్రీలు పైకి చూడాలి. అయినా ఇంజినీర్లు ఊరుకోలేదు. వంపు తిరిగిన ఉపరితలం పక్కన వదిలిన జెట్ దానికి అంటుకుని వంగుతూ పోతుంది, కోఆండా ఎఫెక్ట్ అదే. రొమేనియా ఇంజినీర్ హెన్రీ కోఆండా పేరు మీద వచ్చింది. మెక్‌లారెన్, సాబర్ సైడ్‌పాడ్ బాడీని అలా మలిచి, పైకి చూస్తున్న పైపు వాయువుని మళ్ళీ కిందికి, టైరు పక్క సందులోకే తెచ్చాయి. చివరికి 2014లో 1.6 లీటర్ల టర్బో వీ6 వచ్చి ఆ దారీ మూసింది. పైపు ఒక్కటే, కారు మధ్యగీతలో, వెనక. పైగా టర్బైన్ వాయువు శక్తిలో చాలా భాగం తీసేసుకుంటుంది. 2018లో రెనో ఆ ఒక్క పైపునే పైకి వంచి వింగ్ అడుగు వైపు ఊదింది, వింగ్‌కి వేడి తట్టుకునే పూత వేయాల్సొచ్చింది.

సీఎఫ్‌డీ_మధురవాడ
బైకర్ గారి మొదటి ప్రశ్న మిగిలిపోయింది. 600ఎల్‌టీ, 918లలో పైకి పెట్టడానికి ముఖ్య కారణం పైపు పొట్టిగా ఉండటం, దాంతో బరువు తగ్గటం. 918 హైబ్రిడ్ కాబట్టి వేడి బ్యాటరీ వైపు రాకుండా పైనుంచే పోవడం ఇంకో లాభం. 600ఎల్‌టీ వింగ్ మధ్య భాగానికి తెల్లటి పూత ఉంటుంది గమనించండి, ఎగ్జాస్ట్ సెగకి కార్బన్ ఫైబర్ పాడవకుండా వేసింది.

షిప్‌యార్డ్_రిటైర్డ్
నేను ఓడల మనిషిని. కార్లలో అనుభవం లేదు, కానీ మీ అందరి మాటల్లో ఒకటి తక్కువైంది అనిపించి రాస్తున్నాను.

ఓడ మీద పొగగొట్టం ఎక్కడ పెట్టాలన్నది చాలా పెద్ద విషయం. గొట్టం వెనక, ఓడ పైకట్టడాల వెనక గాలి పీడనం తగ్గి సుడులు పడతాయి. పొగ బయటికి వచ్చే వేగం ఎదురుగాలితో పోలిస్తే తక్కువైతే, అది పైకి పోకుండా ఆ సుడిలో పడి డెక్ మీదికి దిగుతుంది. మనుషుల కళ్ళు మండుతాయి, వెంటిలేటర్లు అదే పొగ పీలుస్తాయి, యుద్ధనౌకలైతే హెలికాప్టర్ దిగే చోట వేడిగాలి కమ్ముకుంటుంది. అందుకే చిన్న నమూనా చేసి విండ్ టన్నెల్లో పొగ వదిలి చూస్తారు.

మీ కారు వెనక కూడా అలాంటి సుడే ఉంటుంది బాబూ. డ్రైవర్ తల వెనక, మెయిన్ హూప్ (డ్రైవర్‌కి రక్షణగా ఉండే పైపు కమాను) వెనక. మీ ఇంజిన్ గాలి పీల్చే నోరు ఎక్కడుంది? ఆ సుడిలోనే ఉంటే తన పొగ తనే పీలుస్తుంది. వేడిగాలి పీల్చిన ఇంజిన్ బలం తగ్గుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు, వెనక నుంచి గాలి వీస్తున్నప్పుడు పొగ డ్రైవర్ ముఖానికి ఎలా వస్తుందో కూడా చూడండి. మన ఊళ్ళో మధ్యాహ్నం సముద్రం గాలి బాగా ఉంటుంది, ఆ పరీక్షకి వేరే ఫ్యాను కూడా అక్కర్లేదు.

వీలైతే బీచ్ రోడ్డులో సీ హారియర్ మ్యూజియం చూసి రండి. ఆ విమానం పెగాసస్ ఇంజిన్‌కి నాలుగు నాజిళ్ళు. ముందు రెండింటిలో ఫ్యాను గాలి, వెనక రెండింటిలో జెట్ వేడి వాయువు. నిలువుగా దిగేటప్పుడు ఆ వేడి వాయువు నేలకి కొట్టుకుని పైకి లేచి మళ్ళీ ఇంజిన్లోకే పోతే తోపు పడిపోతుంది. ఆ డిజైనర్లు దాని కోసం చాలా తంటాలు పడ్డారు. దగ్గర నిలబడి నాజిల్ నుంచి ఇన్‌టేక్ ఎంత దూరమో చూస్తే మీకే అర్థమవుతుంది.

రుషికొండ_రేసర్
సార్, చాలా థ్యాంక్స్. మా ఇన్‌టేక్ సరిగ్గా మెయిన్ హూప్ వెనకే, డ్రైవర్ హెడ్‌రెస్ట్ పైన ఉంది. పైపుని వింగ్ కిందికి లేపాలన్న ప్లాన్‌లో పైపు నోరు దానికి బాగా దగ్గరగా వస్తోంది. ఈ కోణంలో మేమెవరమూ ఆలోచించలేదు. ఆదివారం పాత కారు మీద కొన్ని టెస్టులు చేసి ఇక్కడే రాస్తాను.

ఆర్గాన్_ఆటోనగర్
టెస్టు అంటున్నావు కాబట్టి వేడి కూడా కొలిచిపెట్టు. మీ బాడీ ప్యానెళ్ళు గది వేడికి గట్టిపడే ఎపాక్సీతో చేసినవైతే అవి ఎక్కువ వేడికి ఆగవు, మెత్తబడి వంకర పోతాయి. ఎండలో కారు నిలబెడితేనే నల్ల ప్యానెల్ చెయ్యి పెట్టలేనంత అవుతుంది, పైపు పక్కన సంగతి చెప్పేదేముంది. పైపుకి గుడ్డ చుడతాం అంటారు కుర్రాళ్ళు. చుట్టండి, కానీ ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపుకి చుడితే మన ఉప్పుగాలికి లోపల తేమ పట్టి తొందరగా తుప్పు తింటుంది. ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్) వాడండి, మధ్యలో ఖాళీ వదిలి పల్చటి అల్యూమినియం రేకు షీల్డు పెట్టండి. ఆ ఖాళీలోంచి గాలి ఆడితేనే రేకు పని చేస్తుంది.

వెల్డింగ్ గురించి ఒక్క మాట. ఎస్ఎస్ పైపుకి ఆర్గాన్ వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపలికి కూడా ఆర్గాన్ వదలాలి. రెండు చివర్లూ టేపుతో మూసి, ఒక పక్క సన్న గొట్టం దూర్చి, ఇంకో పక్క చిన్న చిల్లు ఉంచాలి. లోపల గాలి మొత్తం పోయాకే టాకా వేయాలి. అది చేయకపోతే బయట అతుకు మెరుస్తూ కనిపిస్తుంది గానీ లోపల నల్లగా గరుకుగా పొంగుతుంది. వాయువు అక్కడ తగులుకుంటుంది, వణుకుకి బీట కూడా అక్కడే మొదలవుతుంది. సింగిల్ సిలిండర్ వణుకు మామూలుది కాదు. మఫ్లర్‌ని ఛాసిస్‌కి బిగించేయకండి, రబ్బరు బుష్ మీద వేలాడదీయండి. హెడ్డు దగ్గర జాయింటుని స్ప్రింగులతో పట్టించండి.

రుషికొండ_రేసర్
టెస్టులు అయ్యాయి. క్యాంపస్‌లో వెనక రోడ్డు సెక్యూరిటీ వాళ్ళని అడిగి మూయించాం.

డిఫ్యూజర్ అడుగున, దాని అంచుల్లో, వెనక వింగ్ అడుగున ఊలు దారం ముక్కలు టేపుతో అంటించాం. పక్కన స్కూటర్ మీద ఒకడు ఫోన్‌తో వీడియో తీశాడు, కారు వెనక ఒక కెమెరా బిగించాం. వింగ్ మధ్యలో దారాలు బాగానే వెనక్కి చదునుగా ఉన్నాయి. డిఫ్యూజర్‌లో మాత్రం అంచు దారాలు అటూఇటూ కొట్టుకుంటున్నాయి, కొన్ని ముందుకే తిరిగాయి. అంటే మా డిఫ్యూజర్ వాలు ఎక్కువై గాలి అసలు అంటుకోవడమే లేదు.

తర్వాత ఒక ఫ్లెక్సిబుల్ పైపుతో ఎగ్జాస్ట్‌ని ఒక పక్క అంచుకి మళ్ళించి మళ్ళీ నడిపాం. యాక్సిలరేటర్ మీద ఉన్నంతసేపు ఆ అంచున మూడు నాలుగు దారాలు కాస్త కుదురుకున్నాయి. పాదం ఎత్తగానే మళ్ళీ చెదిరిపోయాయి. ఎత్తిన ప్రతిసారీ అంతే. మళ్ళించిన వైపు ప్యానెల్ మీద అంటించిన టెంపరేచర్ స్టిక్కర్ చివరి గడి దాకా నల్లబడింది, ప్యానెల్ అంచు చేత్తో నొక్కితే వంగుతోంది.

పొగ పరీక్ష కూడా చేశాం షిప్‌యార్డ్ సార్. కారు వీపుని సముద్రం వైపు పెట్టి ఐడిలింగ్‌లో ఉంచి పైపు పక్కన అగరొత్తుల కట్ట పట్టుకున్నాం. పైపు పైకి ఉన్నప్పుడు పొగ నేరుగా హెడ్‌రెస్ట్ వెనక చేరి ఇన్‌టేక్ నోటి దగ్గర తిరుగుతోంది. పక్కకి, కిందికి పెట్టినప్పుడు ఆ ఊసే లేదు.

గేర్‌బాక్స్_గాజువాక
వీడియో నేనే ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను. యాక్సిలరేటర్ మీద దారాలు కుదురుకోవడం నిజం, కాబట్టి ఐడియా పని చేస్తోంది. కానీ మూలలోకి దిగేటప్పుడు డ్రైవర్‌కి వెనక భాగం మారిపోతే ఎవడూ నమ్మకంగా తోలలేడు. హాట్ బ్లోయింగ్ చేద్దామా అని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మ్యాప్ కూడా ఆలోచించాను. ఎఫిషియెన్సీకి 100 మార్కులున్నాయి, అక్కడ ఇంధనం ఊరికే మండించలేం. 22 కి.మీ. ఎండ్యూరెన్స్‌లో ఎగ్జాస్ట్ వాల్వు ఏమవుతుందో కూడా భయమే. నేను పక్క పైపుకి ఒప్పుకుంటున్నా. ఈ డేటా మొత్తం డిజైన్ రిపోర్టులో పెట్టే పని నాది.

సీఎఫ్‌డీ_మధురవాడ
శభాష్. అసలు లాభం మీకు దొరికేసింది. ఎగ్జాస్ట్‌తో మందు వేసే ముందు డిఫ్యూజర్ వాలు తగ్గించి, అంచుల్లో నిలువు ఫెన్సులు పెట్టి, మళ్ళీ దారాలు అంటించండి. గాలి అంటుకుంటే ఏ పాదం ఎత్తినా పోని డౌన్‌ఫోర్స్ అది. టైరు చిమ్మే గాలికి కూడా ఆ ఫెన్సులతోనే కొంత అడ్డం పడుతుంది. జామెట్రీ ఫైలు పంపితే రెండు మూడు వాలులకి నేను సీఎఫ్‌డీ (కంప్యూటర్‌లో గాలి ప్రవాహం లెక్క) రన్ చేసి ఇస్తాను.

బీచ్‌రోడ్_బైకర్
పక్క పైపు అంటే శబ్దం అదిరిపోతుంది కదా!

కారీ_సీనియర్
అదిరితే నాయిస్ టెస్టులో ఆపేస్తారు తమ్ముడూ. పైపు నోటికి 0.5 మీటర్ల దూరంలో, 45 డిగ్రీల పక్కన మైకు పెడతారు. ఐడిలింగ్‌లో 103, మిగతా వేగాల్లో 110 డీబీసీ (సి వెయిటింగ్‌తో కొలిచే డెసిబెళ్ళు) పరిమితి. పరీక్ష చేసే ఆర్‌పీఎం పిస్టన్ సగటు వేగం సెకనుకి 15.25 మీటర్లు వచ్చే చోట లెక్కేస్తారు. 390కి స్ట్రోక్ 60 మి.మీ. కాబట్టి 7,600 చిల్లర వస్తుంది, దగ్గరి 500కి సర్దితే 7,500. ఇంటి దగ్గర ముందే కొలుచుకుని వెళ్ళండి. ట్రాక్ దగ్గర మఫ్లర్ విప్పి గ్లాస్ ఊల్ కూరుతూ టెన్షన్ పడే టీమ్‌లని ప్రతి ఏడాదీ చూస్తాం. సి వెయిటింగ్ కాబట్టి సింగిల్ సిలిండర్ లోతు శబ్దం కూడా మీటర్‌లో పూర్తిగా పడుతుంది, ఫోన్ యాప్ నమ్ముకోవద్దు.

పిట్‌వాల్_విశాఖ
నాకు ఒక్కటే కోరిక. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు చాలామంది మనవాళ్ళు మొదటిసారి రేసు కారుని దగ్గరగా చూశారు. వాటికి ఎగ్జాస్టే లేదు. మీ టీమ్ వచ్చే ఏళ్ళలో ఎలక్ట్రిక్‌కి మారినా, ఇప్పుడు దారాలతో తెలుసుకున్నది ఏదీ వృథా పోదు. ఆ వీడియోలు దాచి తర్వాతి బ్యాచ్‌కి ఇవ్వండి.

రుషికొండ_రేసర్
తప్పకుండా ఇస్తాం. నిర్ణయం ఇదీ: పైపు కుడి పక్కన, మెయిన్ హూప్ వెనక, వెనక ఇరుసుకి కాస్త ముందు. నోరు వెనక్కి, కొంచెం బయటికి. టైరు లోపలి గోడకి సెగ తగలకుండా కోణం చూసుకుంటాం. పొడవు ఇంజిన్ టీమ్ లెక్క ప్రకారం ఉంటుంది. డిఫ్యూజర్ ఫైలు మధురవాడ అక్కకి పంపిస్తున్నా. ఆటోనగర్ అన్నా, బెండింగ్ మీ దగ్గరే చేయించాలని ఉంది, ఎప్పుడు రమ్మంటారు?

ఆర్గాన్_ఆటోనగర్
శనివారం పొద్దున్నే రా. ఛాసిస్ డ్రాయింగ్ ఒక్కటే తెస్తే చాలదు, ఇంజిన్ హెడ్డు, ఆ కుడి పక్క సస్పెన్షన్ ఆర్ము కూడా తీసుకురా. చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు ఆర్ముకీ పైపుకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి, అది కాగితం మీద తెలియదు. లాంబ్డా సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచేది) బిగించే బాస్ ఎక్కడ పెట్టాలో కూడా గుర్తు వేసుకొని రా, తర్వాత చిల్లు పెట్టమంటే నేను పెట్టను.